పచ్చ సిరాతో పన్నెండో కార్డు

పోయిన వారం చిన్న నర్సుని ఫ్రిజ్ గది తలుపు ముందు, ప్రాణాలు అరచేతిలో పెట్టించి నిలబెట్టి, మనమంతా ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం. పాపం ఆ పిల్ల అప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉంది. ఏడు రోజులు. కాళ్ళు వాచిపోయాయి. వరండాలో గోడ గడియారం మాత్రం మర్యాద తెలిసింది కాబట్టి ఒక్క నిమిషం కూడా ముందుకి పోకుండా మన కోసం ఆగింది. మధ్యాహ్నం రెండూ యాభై.

ఆమె చేతిలో ఒక టీకా కార్డు ఉంది. నిన్న మధ్యాహ్నం మూడూ నలభైకి పుట్టిన సొంత అక్క కొడుకుది. అక్కది ఈ ఊరు కాదు, చెల్లెలు ఉందని కాన్పుకి మొదటిసారి ఇక్కడికొచ్చింది. అందులో మొదటి గడి, అంటే పుట్టిన రోజే వెయ్యాల్సిన టీకా గడి, పచ్చ సిరాతో నిండి ఉంది. ‘వేశాను’ అని రాసి, కింద తోక పొడుగ్గా లాగిన సంతకం. ఆ తోక ఆస్పత్రిలో ఒక్కరికే ఉండేది. పెద్ద నర్సుకి. పెద్ద నర్సు పోయి ఆరు నెలలైంది.

ఆ కార్డు పట్టుకుని కిందికి పరిగెత్తుకొచ్చిన చిన్న నర్సుకి, లోపల గడియ వేసి ఉన్న ఫ్రిజ్ గదిలోంచి గాజు మీద గోరుతో కొట్టినట్టు మూడు చప్పుళ్ళు వినిపించాయి.

టక్. టక్. టక్.

పెద్ద నర్సు గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ముప్పై నాలుగేళ్ళు అదే ఆస్పత్రిలో పసిపిల్లలకి సూదులు వేసింది. ఊళ్ళో సగం మంది తొడల మీద ఆవిడ చెయ్యి పడింది. ఆవిడ వీధిలో నడిచొస్తుంటే మీసాలొచ్చిన మగాళ్ళు కూడా తమకి తెలీకుండానే తొడ పట్టుకుని పక్కకి జరిగేవాళ్ళు. ఒకసారి దొంగ ఒకడు ఆవిడ చేతిసంచి లాగబోయి, మొహం చూసి, సంచి వదిలేసి, ఏడవడానికి సిద్ధంగా నోరు తెరిచి నిలబడ్డాడట. సూదికి ముందు మందుసీసాని గోరుతో మూడుసార్లు కొట్టేది. సూది అయ్యాక దూది పెట్టి, ప్లాస్టరు రెండు ముక్కలు చేసి ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా అంటించేది. లైను అయిపోగానే గుమ్మం దాకా వెళ్ళి ‘ఇంకెవరున్నారు?’ అని వీధి చివర కుక్క లేచేంత గట్టిగా కేకేసేది.

ఆరు నెలల కిందట ఒక బుధవారం, చివరి పాపకి సూది వేసి, ప్లాస్టరు అంటించి, గుమ్మం దాకా వెళ్ళి, ‘ఇంకెవరున్నారు?’ అని అడిగి, తలుపుకి ఆనుకుని కూర్చుంది. ఎవరూ లేరని చెప్పడానికి వెళ్ళిన చిన్న నర్సుకి, వినడానికి ఆవిడ కూడా లేదని అర్థమైంది.

అదీ సంగతి. ఇప్పుడు తలుపు.

చిన్న నర్సు తలుపు మీద రెండు చేతులతో బాదింది. “ఎవరు లోపల?”

చప్పుడు ఆగింది. లోపల స్టూలు జరిగింది. గడియ తీసిన శబ్దం.

ఐస్ బాబాయ్.

చిన్న నర్సు ఊపిరి అంతా ఒక్కసారి బయటికొచ్చి, బాబాయ్ నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ కదిలాయి. ఐస్ బాబాయ్ అంటే టీకా మందుల ఫ్రిజ్‌కి కాపలాదారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలి చలి ఎంతుందో చూసి రాయడం, సీసాలు లెక్కపెట్టడం ఆయన పని. ఫ్రిజ్ తాళంచెవి మెడలో తాడుకి కట్టుకుని తిరుగుతాడు. స్నానానికి కూడా తియ్యడు. ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో కూర్చోవడం వల్ల ఆయన పక్కన నిలబడితే కొంచెం చలేస్తుందని వార్డులో ఆయాలు ఎండాకాలంలో పని కల్పించుకుని మరీ వచ్చి పలకరించి పోతుంటారు.

“నువ్వా తల్లీ! తలుపు విరగ్గొట్టేస్తావేంటి?”

“ఆ చప్పుడేంటి బాబాయ్?”

“థర్మామీటరు. ముల్లు ఇరుక్కుంది. గోరుతో కొడితే గానీ కదలదు.” చూపించాడు. టక్ టక్ టక్. ముల్లు కదిలింది.

చిన్న నర్సుకి నవ్వొచ్చింది. సగం దాకా వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే బాబాయ్ స్టూలు వెనక బల్ల మీద కార్డుల కట్ట ఒకటి ఉంది. కొత్త కార్డులు. పిల్లల పేర్లు లేవు, తేదీలు లేవు, బరువులు లేవు. అన్నిట్లో మొదటి గడి మాత్రం నిండి ఉంది. పచ్చగా.

ఆమె కార్డు తర్వాత కార్డు తిప్పింది. వేశాను. వేశాను. వేశాను. ఇంకా పుట్టని పిల్లలు, ఇంకా పెళ్ళి కూడా కాని తల్లుల పిల్లలు, అందరికీ చనిపోయినావిడ ముందే టీకా వేసేసింది.

“బాబాయ్. ఇదేంటి?”

ఐస్ బాబాయ్ తలుపు మూశాడు. స్టూలు మీద కూలబడ్డాడు. కార్డుల కట్టని ఒళ్ళోకి తీసుకుని, పడుకున్న పిల్లిని నిమిరినట్టు నిమిరాడు.

“ఆఖరి నెలలో రాసింది తల్లీ. మధ్యాహ్నాలు జనం పల్చబడ్డాక ఇక్కడికొచ్చి కూర్చునేది. చెయ్యి వణికేది. రోజుకి అయిదు, ఆరు. ‘ఎందుకక్కా ఇవన్నీ?’ అన్నాను. ఏమందో తెలుసా? ‘నేను పోతే మొదటి రోజు సూది ఎవరూ వెయ్యరురా. ఆరు వారాలకి వచ్చే పిల్లలకి లైనుంటుంది, వేస్తారు. నిన్న పుట్టినవాడికి లైనుండదు, వాణ్ణి మర్చిపోతారు. కార్డు మీద నా సంతకం కనిపిస్తే సిగ్గేసైనా వేస్తారు’ అంది.”

“సిగ్గేసా?” చిన్న నర్సు గొంతు పైకి లేచింది. “బాబాయ్, వేశాను అని రాసుంటే ఎవరైనా ఏమనుకుంటారు? వేశారనే కదా! ఇంకెందుకు వేస్తారు?”

ఆరు నెలల్లో ఆ మాట బాబాయ్‌కి ఒక్కసారి కూడా తట్టలేదని మొహం మీద స్పష్టంగా కనిపించింది. చలి గదిలో ఉన్న మనిషి నుదుటి మీద చెమట పట్టడం ఆ ఆస్పత్రి చరిత్రలో అదే మొదలు.

“నేను... రెండు వారాలకి ఒకటి చొప్పున పంపాను. ఖాళీ కార్డులు లేబర్ రూముకి వెళ్ళేది ఇక్కణ్ణించే కదా. వాటి మధ్యలో ఒకటి పెట్టేవాణ్ణి. అన్నీ ఒక్కసారి పంపితే అయిపోతాయి కదా అని... దాచుకుని...”

“ఎన్ని పంపావు?”

“పన్నెండు.” గొంతు తగ్గించాడు. “పన్నెండోది మీ అక్క కొడుక్కి. నీ మేనల్లుడని తెలిసి, అన్నిట్లోకీ మంచిది ఏరి పంపాను తల్లీ. చెయ్యి వణకని రోజు రాసింది.”

చిన్న నర్సు తిట్టడానికి మాటలు వెతుక్కుంది. దొరికినవన్నీ బాబాయ్‌కి సరిపోవు, చిన్నవి.

“మా అక్క సంగతి నీకు తెలీదా? నాలుగో నెల రక్త పరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలింది! అక్కకి పైకేం ఉండదు, నవ్వుతూ తిరుగుతుంది. కానీ కాన్పులో ఆ జబ్బు బిడ్డకి అంటుకుంటే? పిలవని చుట్టంలా వాడి కాలేయంలో మకాం పెట్టి జన్మలో లేవదు! అందుకే కదా మొదటి రోజు వెయ్యమనేది, ఎంత ముందు పడితే అంత మేలనేది! ఇరవై నాలుగు గంటలు, బాబాయ్. మూడూ నలభైకి అయిపోతాయి!”

“నువ్వెక్కడున్నావు మరి? వార్డు తిరిగేది నువ్వు. పన్నెండు కార్డులూ నీ చేతుల మీదుగానే పోయాయి. చదవలేదా?”

అది బాబాయ్ అన్న మాట. మెల్లిగానే అన్నాడు. కానీ చిన్న నర్సుకి అది మోకాళ్ళ వెనక తగిలినట్టు తగిలింది.

చదవలేదు. రోజూ పొద్దున ట్రే పట్టుకుని మంచం మంచానికీ తిరిగింది. పదకొండు సార్లు పచ్చ సిరా చూసింది. లేబర్ రూములో ఎవరో కొత్త పెన్ను కొన్నారనుకుంది. రాసుంటే వేసినట్టే అని పక్క మంచానికి వెళ్ళిపోయింది. నిన్నంతా బయట టీకా క్యాంపులో ఉంది. ఇవాళ పొద్దున్నించీ కింద లైను తెగలేదు. ‘మీ వాడికి వేసేశారు, కార్డులో ఉంది’ అని పైనుంచి కబురొస్తే అలాగే అనుకుంది. పన్నెండో కార్డు తన రక్తం కాబట్టి, ముద్దుగా ఉంటుందని మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివింది. మొదటి పదకొండు మందీ వేరేవాళ్ళ పిల్లలు.

ఫ్రిజ్ ఒక్కటే మూలుగుతోంది. అది మామూలు మూలుగు కాదు. ఆ ఫ్రిజ్‌ని ముందు పెట్టి, తర్వాత దాని చుట్టూ ఆస్పత్రి కట్టారని ఒక వాదన ఉంది. దాని మూలుగుకి పైన రెండో అంతస్తులో మంచినీళ్ళ గ్లాసులు మంచం అంచు దాకా నడిచొస్తాయి.

అంతలో ఆ మూలుగు ఆగింది.

చిన్న నర్సు వీపు మీదుగా చల్లటి గాలి ఒక పొర పాకింది. వెనకాల, రబ్బరు అంచు ఊడినట్టు, ఎవరో నిట్టూర్చినట్టు చిన్న శబ్దం. తర్వాత మెత్తగా మూసుకున్న చప్పుడు. ఇద్దరూ తిరిగి చూశారు. ఫ్రిజ్ తలుపు వేసే ఉంది. తాళం వేలాడుతూనే ఉంది. మళ్ళీ మూలుగు మొదలైంది.

“రబ్బరు వదులైంది,” అన్నాడు బాబాయ్. ఆ మాట ఫ్రిజ్‌కి చెప్పినట్టు చెప్పాడు.

“ఆ పదకొండు మందినీ వెతకాలి,” అంది చిన్న నర్సు. “ఇంటింటికీ తిరిగైనా. పాపం వాళ్ళకి ఒక్క చుక్క కూడా పడలేదు.”

“అదే తల్లీ నాకు అర్థం కానిది.”

“ఏది?”

బాబాయ్ గోడకి తగిలించిన లెక్కల పుస్తకం తీశాడు. వేలితో చూపించాడు. “మొదటి రోజు టీకా సీసాలు. ఒక్కో సీసా ఒక్కో బిడ్డకే. నేను కార్డు పంపిన రోజల్లా సాయంత్రానికి ఒక సీసా తక్కువ. పదకొండు కార్డులు, పదకొండు సీసాలు. నువ్వే సిగ్గేసి తీసుకెళ్ళి వేస్తున్నావనుకున్నాను. ఆవిడ మాట నిజమైందని సంతోషపడ్డాను కూడా.”

“నేను తియ్యలేదు. తాళంచెవి నీ మెడలో ఉంటే నేనెలా తీస్తాను?”

“అదీ నిజమే.” బాబాయ్ మెడ తడుముకున్నాడు. తాడు ఉంది. తాళంచెవి ఉంది. “నువ్వు దొంగతనంగా చేయించుకున్న మారు తాళంచెవి ఉందేమో అనుకున్నాను. ఏమీ అనుకోకు.”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో ఒక ప్రశ్న ఉంది. అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు కాబట్టి ఇద్దరూ గడియారం చూశారు. మూడూ పదహారు.

“తలుపు తియ్యి బాబాయ్. ఒక సీసా ఇవ్వు. మిగతా భయం తర్వాత పడదాం.”

బాబాయ్ తాళం తీశాడు. లోపల ట్రేలో చిన్న సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. చిన్న నర్సు ఒకటి తీసి, గడువు చూసి, గడ్డ కట్టిన ఆనవాళ్ళేమన్నా ఉన్నాయేమోనని వెలుతురుకి ఎత్తి ఊపి చూసి, ఐస్ పెట్టెలో పెట్టుకుంది. బాబాయ్ అలవాటు కొద్దీ మిగిలినవి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

“రెండున్నరకి ఇరవై ఉన్నాయి తల్లీ. నువ్వు ఒకటి తీశావు.”

“పంతొమ్మిది.”

“పద్దెనిమిది.”

ఆయన అప్పట్నుంచీ ఆ గదిలోంచి కదల్లేదు. చిన్న నర్సు రెండూ యాభైకి తలుపు దగ్గరికొచ్చింది. మధ్యలో తలుపు దాటిన మనిషి లేదు. చిన్న నర్సు ఐస్ పెట్టె పట్టుకుని పరిగెత్తింది. వెనక బాబాయ్ మళ్ళీ మొదట్నించీ లెక్కపెడుతూనే ఉన్నాడు. ఒకటి, రెండు, మూడు, పూజారి మంత్రం మర్చిపోయినట్టు.

మెట్లు నలభై రెండు. ఆమె అందులో ఏడింటి మీదే కాలు పెట్టిందని చూసినవాళ్ళు చెబుతారు. వరండా పొడుగునా కిటికీల్లోంచి ఎండ చారలు చారలుగా నేల మీద పడి ఉంది. భోజనాల తర్వాత వార్డంతా నిద్రలో ఉంది. మంచాలకి కట్టిన తెరలు కదలడం లేదు. ఫినాయిల్ వాసనలో ఇంకో వాసన కలిసినట్టు అనిపించింది. స్పిరిట్ దూది వాసన. ఇప్పుడే ఎవరో తుడిచినట్టు. ఆస్పత్రిలో స్పిరిట్ వాసన రావడం వింత కాదని తనకి తాను సర్దిచెప్పుకుంది.

అక్క గదిలో అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బావ కుర్చీలో కూర్చుని, బాంబు పట్టుకున్నట్టు రెండు చేతులూ చాచి కొడుకుని పట్టుకుని ఉన్నాడు.

“బావా, వీడికి ఎవరన్నా సూది వేశారా?”

“ఏమో మరదలా. నేను భోజనానికి వెళ్ళి ఇప్పుడే వచ్చాను. కార్డులో వేశారని రాసుందిగా?”

“కార్డు సంగతి వదిలెయ్. వాణ్ణి గట్టిగా పట్టుకో. ఎడం కాలు నా వైపు.”

బావ మొహం తెల్లబడింది. ఆయన లారీ నడుపుతాడు. కొండ దారుల్లో బ్రేకులు లేకుండా రెండుసార్లు దిగాడు. సూది మాత్రం చూడలేడు. పెళ్ళికి ముందు రక్త పరీక్ష అంటే, పెళ్ళే మానుకుందామా అని అడిగినవాడు. ఇప్పుడు కళ్ళు మూసుకుని, మొహం గోడవైపు తిప్పి, “అయిందా? అయిందా?” అనడం మొదలుపెట్టాడు.

“సీసా కూడా తియ్యలేదు బావా.”

“అయిందా?”

గోడ గడియారం మూడూ ఇరవై నాలుగు. చిన్న నర్సు చేతులు శుభ్రం చేసుకుంది. సిరంజిలోకి మందు లాగింది. బాబు గుడ్డ ఎడం పక్క మాత్రం తొలగించి, తొడ రెండు వేళ్ళతో పట్టుకుంది. వేడిగా, మెత్తగా, నిన్నటిదాకా లోకంలో లేని తొడ. సూది దిగింది, వచ్చేసింది.

పసివాళ్ళ ఏడుపులు చిన్న నర్సుకి నాలుగు రకాలు తెలుసు. ఆకలిది, తడిసినప్పటిది, ఎవరన్నా పలుకుతారేమోనని ఊరికే ఏడ్చేది, సూదిది. సూది ఏడుపుకి ముందు ఒక నిశ్శబ్దం ఉంటుంది. నోరు తెరుచుకుంటుంది, మొహం ఎర్రబడుతుంది, చప్పుడు మాత్రం రాదు. పైకప్పు ఎగరడానికి ముందు లోకం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టుంటుంది.

ఆ క్షణం గడిచింది. బాబు గుక్కపట్టి ఏడ్చాడు.

చిన్న నర్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై నాలుగు గంటలకి ఇంకా పదహారు నిమిషాలు ఉన్నాయి. “అయిపోయింది నాన్నా. అయిపోయింది. గెలిచేశావు.” ఆ నిమిషంలో పచ్చ సిరా, పద్దెనిమిది సీసాలు అన్నీ ఎక్కడో దూరంగా వేరేవాళ్ళ కథలా అనిపించాయి.

ఏడుపుకి అక్క లేచింది. జుట్టు వెనక్కి తోసుకుని కొడుకుని అందుకుంది.

“మళ్ళీ ఎందుకేడిపించావే వాణ్ణి? పొద్దస్తమానం సూదులేనా?”

“మళ్ళీ ఏంటి? ఇదే మొదటిది.”

“మొదటిదేంటే, ఇందాక వేసింది కదా ఆ పెద్దావిడ! మూడింటికి. నువ్వే పంపావేమో అనుకున్నాను.”

అక్క బాబుని భుజాన వేసుకుంటూ గుడ్డ సర్దింది. కుడి పక్క గుడ్డ జారింది.

కుడి తొడ మీద దూది. దూది మీద ప్లాస్టరు రెండు ముక్కలు. ఒకటి అడ్డంగా. ఒకటి నిలువుగా.

“రెండు పడితే ఏమన్నా అవుతుందా?” అడిగింది అక్క, చెల్లెలి మొహం చూసి భయపడుతూ.

“ఏమీ కాదు.” ఆ మాట చదువు చెప్పింది. నోరు ఊరికే కదిలింది. “ఎలా ఉంది అక్కా? ఆవిడ?”

“పొట్టిగా, ముక్కు మీదికి కళ్ళజోడు. మంచిదే పాపం. వాడి కాలు పట్టుకోగానే వాడు ఉలిక్కిపడ్డాడు. ఆవిడ చేతులంత చల్లటి చేతులు నేనెక్కడా చూళ్ళేదు. ‘ఏమనుకోకమ్మా, ఫ్రిజ్‌లోంచి వస్తున్నా’ అని నవ్వింది. నేనూ నవ్వాను.”

“తర్వాత?”

“తర్వాతేముంది, వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, ‘ఇంకెవరున్నారు?’ అంది. పక్క గదిలో ఇప్పుడే పుట్టిన పాపని తెచ్చారని చెప్పాను.”

బావ ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. “అయిందా?” అన్నాడు.

గోడ అవతల, పక్క గదిలో, ఎవరో గాజు మీద గోరుతో కొట్టారు.

టక్. టక్. టక్.

ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం చిన్న నర్సుకి తెలుసు.